అక్షరాల మీద గీతలు: తరచుగా అడిగే ప్రశ్నలు

నల్లగొండలో డీటీపీ పని చేస్తాను. ఎక్కువగా వచ్చేది క్వశ్చన్ పేపర్లు, రికార్డులు, ప్రాజెక్టు రిపోర్టులు. లెక్కల సార్లు, పాలిటెక్నిక్ పిల్లలు, గ్రూప్స్ కోచింగ్ వాళ్లు, ఒక్కోసారి గుడి పంతులుగారు కూడా అడిగేది ఒకటే: "అన్నా, దీని మీద గీత ఎట్ల పెట్టాలె?" మహబూబ్‌నగర్, వనపర్తి వైపు నుంచి ఫోన్‌లో కూడా ఇదే ప్రశ్న. అందరికీ విడివిడిగా చెప్పే కన్నా ఒకచోట రాసిపెడితే మేలనిపించింది.

గీత గీతే కదా, ఇందులో రకాలేంటి?

కాగితం మీద ఒకటే. కంప్యూటర్‌లో మాత్రం కాదు, తిప్పలన్నీ అక్కడే మొదలవుతాయి. యూనికోడ్‌లో, అంటే ప్రతి అక్షరానికీ గుర్తుకీ ఒక నంబర్ ఇచ్చే పట్టికలో, చూడ్డానికి ఒకేలా ఉండే గీతలు కనీసం నాలుగున్నాయి. నంబర్ 175 (దీన్ని మాక్రాన్ అంటారు), 8254 (ఓవర్‌లైన్) ఈ రెండూ సొంతంగా చోటు తీసుకుని నిలబడే గీతలు. అక్షరం పక్కన కూర్చుంటాయి తప్ప మీదికి ఎక్కవు. ముందు అక్షరం మీదికి ఎక్కేవి వేరే రెండున్నాయి: హెక్స్‌లో, అంటే పదహార్ల లెక్కలో, 0304, 0305. మొదటిది పొట్టి గీత, ఒక్క అక్షరానికే. రెండోది పక్క అక్షరం గీతతో కలిసేలా అంచు నుంచి అంచు దాకా సాగే గీత.

ఇవి కాక, అసలు అక్షరమే కాని గీతలు ఉంటాయి. వర్డ్ ఈక్వేషన్‌లో వేసేది, వెబ్ పేజీలో స్టైల్‌గా పెట్టేది, పేజ్‌మేకర్‌లో మౌస్‌తో లాగేది. టైపు చేసే ముందు మీ గీత దేనికో తేల్చుకోండి. ఆ గీత తీసేస్తే అర్థం మారుతుందా? మారితే అది అక్షరంగానో ఈక్వేషన్‌గానో ఉండాలి. మారకపోతే, అంటే పెళ్లికార్డు మీద పేరుకి అందం కోసమైతే, ఎలా గీసినా అడిగేవాళ్లు లేరు.

వర్డ్‌లో ఏ (A) మీద బార్, అంటే పైగీత, పెట్టడం ఎట్లా?

రెండు దార్లు. మొదటిది ఈక్వేషన్. ఆల్ట్ నొక్కి పట్టుకుని ఈక్వల్ గుర్తు నొక్కితే ఈక్వేషన్ పెట్టె వస్తుంది. పైన మెనూలో యాక్సెంట్ అని ఉంటుంది, దాంట్లో బార్ ఎంచుకుని పెట్టెలో అక్షరం వేయండి. రెండు మూడు అక్షరాల మీద ఒకటే పొడుగు గీత కావాలంటే అదే మెనూలో కిందికి వెళ్తే ఓవర్‌బార్ ఉంటుంది. అది లోపల ఎన్ని అక్షరాలుంటే అంత సాగుతుంది. క్వశ్చన్ పేపర్లకు నేనైతే ఇదే వాడతాను, ప్రింట్‌లో నీట్‌గా వస్తుంది.

రెండోది మామూలు వాక్యం మధ్యలో పెట్టుకునే పద్ధతి. అక్షరం టైపు చేసి, దానికి ఆనుకునే 0305 కొట్టి, ఆ నాలుగు అంకెలను మాత్రమే సెలెక్ట్ చేసి, ఆల్ట్ నొక్కి ఎక్స్ నొక్కాలి. అంకెలు మాయమై గీత ఎక్కుతుంది. "మాత్రమే సెలెక్ట్ చేసి" అన్నది ఊరికే అనలేదు. సెలెక్ట్ చేయకుండా నొక్కితే వర్డ్ వెనక్కి చూసుకుంటూ వెళ్లి కోడ్‌లా కనబడినదంతా కలిపేసుకుంటుంది. హెక్స్ లెక్కలో ఏ నుంచి ఎఫ్ దాకా ఉన్న అక్షరాలు కూడా అంకెలే కాబట్టి మీ ఏ కూడా కోడ్‌లో భాగమైపోయి చివరికి ఒక ఖాళీ డబ్బా మిగులుతుంది. బూలియన్ ఆల్జీబ్రాలో (0, 1 లతోనే నడిచే లెక్కలో) వాడేదే ఏ, బి, సి, డి. ఎక్స్, వై లతో చక్కగా పనిచేసింది ఏ దగ్గరికి రాగానే ఎందుకు పాడైందో తెలియక చాలామంది తల పట్టుకుంటారు.

లిబ్రె ఆఫీస్ వాడేవాళ్లకు ఇంత టెన్షన్ లేదు. క్యారెక్టర్ సెట్టింగుల్లో ఫాంట్ ఎఫెక్ట్స్ కింద ఓవర్‌లైన్ నేరుగా ఉంది. అండర్‌లైన్‌కి బటన్ ఇచ్చిన వర్డ్ ఓవర్‌లైన్‌కి ఎందుకివ్వలేదో నాకైతే అర్థం కాదు.

ఏబీ మీద ఒకే పొడుగు గీతకు బదులు రెండు చిన్న గీతలు వేస్తే ఏమవుతుంది?

మార్కులు పోతాయి. "ఏబీ హోల్ బార్" వేరు, "ఏ బార్ బి బార్" వేరు. ఇక్కడ బార్ అంటే 0 ని 1 గా, 1 ని 0 గా తిప్పేయడం. ఏ విలువ 1, బి విలువ 0 అనుకోండి. హోల్ బార్ అయితే ముందు రెండూ గుణించి 0, దాని మీద బార్ కాబట్టి 1. విడివిడి బార్లయితే ఏ బార్ 0, బి బార్ 1, గుణిస్తే 0. ఒకటి నాండ్ గేటు, ఇంకోటి నార్ గేటు. డిమోర్గాన్ సూత్రం మొత్తం ఈ గీత ఎక్కడ తెగింది, ఎక్కడ తెగలేదు అన్నదాని మీదే నడుస్తుంది.

అందుకే ఈ సబ్జెక్టుకి 0305 పెద్దగా నమ్మదగ్గది కాదని నా అభిప్రాయం. ఆ గీతలు ఒకదానికొకటి అతుక్కోవాలనే రూల్, కానీ చాలా ఫాంట్లలో మధ్యలో సన్నటి సందు మిగులుతుంది. ఆ సందు చూసి పిల్లాడు విడివిడి బార్లు అనుకుంటే తప్పు వాడిది కాదు. హోల్ బార్ ఉన్నచోట ఈక్వేషనే వాడండి. ఫోన్‌లో పంపాల్సి వచ్చి ఈక్వేషన్ కుదరకపోతే బ్రాకెట్ పెట్టి చివర సింగిల్ కోట్ వేయండి, (ఏబీ)' అన్నట్టు. డిజిటల్ ఎలక్ట్రానిక్స్ పుస్తకాల్లో అదీ చెల్లుతుంది.

కోచింగ్ బిట్ పేపర్లలో బోడ్మాస్ (లెక్కలో ముందు ఏది చేయాలో చెప్పే వరస) ముందు "వి" అంటారు, అది ఈ గీతేనా?

అదే. విన్‌కులం. బ్రాకెట్ల కంటే ముందు గీత కింద ఉన్నది చేయాలని దాని అర్థం. బ్రాకెట్లు స్థిరపడక ముందు యూరప్ లెక్కల పుస్తకాల్లో గుంపు కట్టడానికి ఇలా పైన గీత గీసేవాళ్లు, ఆ అలవాటు మన పోటీ పరీక్షల్లో ఇంకా బతికుంది.

12 − [6 − (4 − 3̅−̅1̅)]

గీత ఉంటే ముందు 3 − 1 = 2, తర్వాత 4 − 2 = 2, 6 − 2 = 4, జవాబు 8. గీత ఎగిరిపోతే 4 − 3 − 1 = 0, 6 − 0 = 6, జవాబు 6. పేపర్ తయారు చేసేవాళ్లు ఆప్షన్లలో 8, 6 రెండూ పెడతారు, అదే కదా వాళ్ల పని. గీత ప్రింట్‌లో పడకపోతే రెండో జవాబే నిజంగా కరెక్ట్ అవుతుంది, అప్పుడు కీ మీద గొడవ. ఇలాంటి ప్రశ్నలున్న పేపర్‌ను ఒక మెషీన్‌లో టైపు చేసి ఇంకో మెషీన్‌లో ప్రింట్ తీసేటప్పుడు పీడీఎఫ్‌గా మార్చి పంపండి. మార్చేటప్పుడు ఫాంట్ లోపలే ఉండేలా చూసుకోండి.

9వ తరగతి దశాంశాల మీద, ఇంటర్ లాగ్‌ల మీద గీతలు ఎక్కడిదాకా వేయాలి?

ఆవర్తన దశాంశాల్లో మళ్లీ మళ్లీ వచ్చే అంకెల మీదే. మూడో వంతు 0.3̅, ఆరో వంతు 0.16̅. ఇందులో 1 మీద గీత రాదు, అది మళ్లీ రాదు కాబట్టి. ఏడో వంతుకి ఆరు అంకెలూ తిరుగుతాయి: 0.1̅4̅2̅8̅5̅7̅. ఫోన్‌లో కూడా మీకు ఇది కనబడుతోందంటే మీ ఫాంట్ బాగున్నట్టే.

లాగ్ సంగతి ఇంకొంచెం ప్రమాదం. 0.02 కి లాగ్ 2̅.3010, "బార్ టూ పాయింట్ త్రీ జీరో వన్ జీరో" అని చదువుతాం. గీత కింద ఉన్న 2 మాత్రమే మైనస్, తర్వాతి 0.3010 ప్లస్. మొత్తం కలిపితే −1.6990. టైపు చేసేవాళ్లు గీత పెట్టడం రాక "మైనస్సే కదా" అని −2.3010 కొడతారు. అది 0.005 కి లాగ్. అంటే విలువ నాలుగో వంతుకి పడిపోయింది. కెమిస్ట్రీ లెక్కల్లో ఇలాంటిది దొర్లితే పిల్లలు గంట కూర్చున్నా జవాబు టాలీ అవదు.

వాట్సాప్‌లో పంపితే గీత పక్క అక్షరం మీదికి జరిగింది, కొన్ని ఫోన్లలో డబ్బా వస్తోంది. ఎందుకు?

వాట్సాప్‌లో బోల్డ్, ఇటాలిక్, కొట్టివేత ఉన్నాయి కానీ పైగీత లేదు. కాబట్టి మీరు పంపింది 0305 లాంటి ఎక్కే గీతే అయి ఉంటుంది. అదెప్పుడూ అక్షరం తర్వాతే రావాలి. ముందు గీత, తర్వాత అక్షరం అని టైపు చేస్తే అంతకుముందున్న అక్షరం మీదికో, ఖాళీ మీదికో పోతుంది. వరస సరిగ్గా ఉండి కూడా జరిగినట్టు కనబడితే అది ఫాంట్ లోపం. అక్షరం ఒక ఫాంట్‌లో ఉండి గీత ఆ ఫాంట్‌లో లేకపోతే ఫోన్ ఇంకో ఫాంట్ నుంచి తెచ్చి అతికిస్తుంది, ఆ అతుకు సరిగ్గా కూర్చోదు. ఎక్కడా దొరక్కపోతే డబ్బా. పంపినవాళ్ల ఫోన్‌లో బాగుండి అందుకున్నవాళ్ల ఫోన్‌లో పాడవడానికి కారణం ఇదే.

ముఖ్యమైన పేపర్ అయితే ఫొటోగానో పీడీఎఫ్‌గానో పంపండి, వాదన ఉండదు.

0304 పెట్టినా 0305 పెట్టినా కంటికి ఒకటే. ఏదైతే ఏం?

కంటికి ఒకటే, వెతికేటప్పుడు మాత్రం తేడా తెలుస్తుంది. సంస్కృతం, తెలుగు పేర్లను ఇంగ్లీషు అక్షరాల్లో రాసేటప్పుడు దీర్ఘానికి వాడేది మాక్రాన్. ఏ మీద మాక్రాన్ ఉన్న అక్షరం యూనికోడ్‌లో రెడీమేడ్‌గా ఉంది, హెక్స్‌లో 0101. మీరు ఏ కొట్టి దాని మీద 0304 ఎక్కించినా సాఫ్ట్‌వేర్ దాన్ని 0101 తో సమానంగానే చూడాలి, యూనికోడ్ నియమం అదే. 0305 కి ఆ బంధుత్వం లేదు. అది ఎంత దగ్గరగా కూర్చున్నా వేరే గుర్తే. కాబట్టి దీర్ఘాలకు 0305 వాడి ఒక పెద్ద జాబితా తయారు చేస్తే రేపు ఎవరో మామూలుగా టైపు చేసి వెతికినప్పుడు ఒక్కటీ దొరకదు.

ఇంకోపక్క స్టాటిస్టిక్స్‌లో సగటుకు రాసే ఎక్స్ బార్‌కి రెడీమేడ్ అక్షరం లేదు. ఎక్స్ కొట్టి ఎక్కించుకోవాల్సిందే. ఒక్క అక్షరమే కాబట్టి 0304 అయినా ఫర్వాలేదు, కానీ ఒక రిపోర్టులో మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఒకటే వాడండి.

మా ఊరి పేరు ఇంగ్లీషులో గీతలతో రాయాలి, థీసిస్‌లో అడిగారు.

ఐఎస్ఓ 15919 అనే పద్ధతి చూడండి, 2001లో వచ్చింది, భారతీయ లిపులకోసమే. తెలుగువాళ్లకు పనికొచ్చేది ఇదే. కోదాడ తీసుకుంటే "కో"లో ఇంగ్లీషు ఓ (o) మీద గీత, "దా"లో ఏ (a) మీద గీత, "డ"కు డి కింద చుక్క, చివరి ఏ మీద ఏమీ రాదు. దేవరకొండలో "దే"కి ఇంగ్లీషు ఈ (e) మీద గీత ఉంటుంది, "కొ" పొట్టిది కాబట్టి ఓ మీద గీత ఉండదు. సంస్కృతం కోసం తయారైన పాత పద్ధతిలో ఏ, ఓ శబ్దాలకు రాసే e, o ల మీద గీతే పెట్టరు, ఎందుకంటే సంస్కృతంలో అవి ఎప్పుడూ దీర్ఘాలే. దాన్ని తెలుగుకి తెచ్చి వాడితే కొండకీ కోడికీ తేడా పోతుంది. పానగల్లు, అలంపురం శాసనాల మీద పనిచేసే పిల్లలు పుస్తకాల నుంచి రెండు పద్ధతులూ కలిపి కాపీ చేసి తెస్తారు. కలపొద్దు.

టైపు చేయడానికి ఫోన్‌లో ఇంగ్లీషు కీబోర్డులో అచ్చు అక్షరాన్ని కాసేపు నొక్కి పట్టుకుంటే మాక్రాన్ ఉన్నది కూడా వస్తుంది. అన్నిటికన్నా తేలిక దారి అదే.

తలకట్టు కూడా పైగీతేనా? దానికి కోడ్ ఎంత?

కోడ్ లేదు. క అంటే 0సీ15 అనే ఒక్క కోడ్, తలకట్టు దాని బొమ్మలోనే ఉంది. గుడి పెట్టి కి అంటే తలకట్టు పోయి ఆ చోట గుడి వస్తుంది, కొమ్ము పెట్టి కు అంటే తలకట్టు అలాగే ఉంటుంది. ఇదంతా ఫాంట్ చూసుకుంటుంది. ఖ, జ, ట, ణ, బ, ల లకు అసలు తలకట్టే లేదు, అయినా అకారం పలుకుతాయి. కాబట్టి తలకట్టును విడిగా టైపు చేయాలని వెతకొద్దు. పాత డీటీపీ ఫాంట్లలో అది విడి ముక్కగా ఉండేది కాబట్టి ముందు తరం ఆపరేటర్లకు ఈ అనుమానం వస్తుంది, అంతే.

హిందీ శిరోరేఖ కూడా ఇంతే. ప్రతి అక్షరం బొమ్మలోనే దాని వంతు గీత ఉంటుంది, పక్కపక్కన వస్తే అతుక్కుంటుంది. అక్షరాల మధ్య దూరం పెంచితే ఆ గీత ముక్కలవుతుంది. బ్యానర్ల మీద హిందీ పేరు సాగదీసి తెగిన గీతలతో వదిలేస్తారు కదా, కారణం అదే. తెలుగు అక్షరాలను సాగదీస్తే ఇంత ఘోరంగా ఉండదు కానీ అదీ బాగోదు.

తెలుగు అక్షరం మీద 0305 పెట్టొచ్చా?

పెట్టొచ్చు, గుణింతం అంతా అయ్యాక చివర్లో. క కొట్టి, గీత ఎక్కించి, తర్వాత గుడి కొడితే గుడి ఊడిపోయి చుక్కల గుండ్రం మీద కూర్చుంటుంది. వరస సరిగ్గా ఉన్నా, మన అక్షరాల ఎత్తు రకరకాలు కాబట్టి గీత కొన్నిటి మీద తేలుతుంది, కొన్నిటిని కోసేస్తుంది. పదం మీద గీత కావాలంటే స్టైల్‌గా వేసుకోవడమే నయం.

వేదమంత్రాల్లో అక్షరాల పైన కింద గీతలుంటాయి, అవెలా?

అవి మంత్రం పలికే స్వరం చెప్పే గుర్తులు. పైన నిలువు గీత స్వరితానికి, కింద అడ్డ గీత అనుదాత్తానికి, ఏమీ లేకపోతే ఉదాత్తం. హెక్స్‌లో కోడ్‌లు 0951, 0952. ఇవి దేవనాగరి పట్టికలో ఉన్నా తెలుగుతో కూడా వాడటానికే. తమాషా ఏంటంటే 0951 కి యూనికోడ్‌లో ఉన్న పేరులో ఉదాత్త అని ఉంది, కానీ మామూలుగా వాడేది స్వరితానికి. ఒకసారి ఇచ్చిన పేరు మార్చకూడదని వాళ్ల నియమం, అందుకని అలాగే ఉండిపోయింది. దీర్ఘస్వరితానికి రెండు నిలువు గీతలు, మామూలు లెక్కలో నంబర్ 7386. యాదగిరిగుట్ట వైపు నుంచి సూక్తాల పుస్తకాలు ప్రింట్‌కి తెచ్చేవాళ్లకు చెప్పేది ఒకటే, ముందు ఈ మూడు గుర్తులూ ఉన్న తెలుగు ఫాంట్ తేల్చుకుని అప్పుడు టైపు మొదలుపెట్టాలి. టైపు అయ్యాక ఫాంట్ మారిస్తే స్వరాలన్నీ మళ్లీ ఒక్కొక్కటిగా చూసుకోవాల్సి వస్తుంది.

ఉర్దూ కవుల పేర్ల మీద చిన్న గీతలాంటిది ఉంటుంది, అదేంటి?

తఖల్లుస్ గుర్తు. కవి కలం పేరు మీద పెడతారు, ఇది మామూలు మాట కాదు, కవి పేరు అని తెలియడానికి. దానికి సొంత కోడే ఉంది, 0614. మన పాలమూరు, నల్లగొండ ఇళ్లల్లో ముషాయిరా (ఉర్దూ కవి సమ్మేళనం) కరపత్రాలు దాచుకున్నవాళ్లుంటే చూడండి, కనబడుతుంది. దాని బదులు ఇంగ్లీషు ఓవర్‌లైన్ పెట్టి సరిపెట్టొద్దు. ఉర్దూ కుడి నుంచి ఎడమకు నడుస్తుంది, పైగా నస్తాలీఖ్ అనే ఉర్దూ రాత తీరులో అక్షరాలు ఏటవాలుగా దిగుతాయి, అడ్డంగా గీసిన గీత దాని మీద కూర్చోదు.

8085 మైక్రోప్రాసెసర్ చిప్ పిన్ డయాగ్రామ్‌లో కొన్ని పేర్ల మీదే బార్ ఎందుకు?

ఆ పిన్ 0 అయినప్పుడు పని జరుగుతుందని. రీడ్, రైట్ పిన్ల మీద బార్ ఉంటుంది, ఏఎల్ఈ మీద ఉండదు. ఐఓ/ఎం లో ఎం మీద మాత్రమే ఉంటుంది, అంటే 1 అయితే ఇన్‌పుట్ అవుట్‌పుట్, 0 అయితే మెమరీ. రికార్డులో ఈ గీత మొత్తం మీద లాగేస్తే అర్థం పోతుంది. ప్రోగ్రామ్ కోడ్‌లో బార్ రాయలేం కాబట్టి అక్కడ పేరు ముందు ఎన్ అనో, చివర హ్యాష్ గుర్తు అనో పెడతారు.

వర్గమూలం గుర్తు టైపు చేస్తే పైన గీత రావట్లేదు.

√ అన్నదాంట్లో ఆ గీత లేదు, నిజానికి మొదట్లోనూ లేదు. 1525లో రుడాల్ఫ్ అనే జర్మన్ లెక్కల పండితుడు వాడినప్పుడు ఉత్త కొక్కెమే. 1637లో ఫ్రెంచి లెక్కల పండితుడు డెకార్ట్ దానికి విన్‌కులం కలిపాడు. కాబట్టి √ తర్వాత బ్రాకెట్ పెట్టండి, లేదంటే ఈక్వేషన్‌లో ర్యాడికల్ వాడండి. √ పక్కన 0305 లతో గీత కడితే కొక్కెం కొనకు గీత అందదు, ఎప్పుడూ కొంచెం కిందికో మీదికో ఉంటుంది.

వెబ్ పేజీలో?

అందానికైతే సీఎస్ఎస్‌లో (పేజీ ఎలా కనబడాలో రాసే కోడ్‌లో) టెక్స్ట్ డెకరేషన్ అనే చోట ఓవర్‌లైన్ అని రాస్తే చాలు. కానీ ఆ పేజీ నుంచి ఎవరైనా కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో వేసుకుంటే గీత రాదు, ఏబీ హోల్ బార్ కాస్తా ఉత్త ఏబీ అవుతుంది. లెక్కలకు మ్యాథ్ఎంఎల్ (వెబ్ పేజీల్లో లెక్కలు రాసే పద్ధతి) వాడండి. 2023 జనవరిలో వచ్చిన 109వ వెర్షన్ నుంచి క్రోమ్ కూడా దాన్ని చూపిస్తోంది కాబట్టి ఇప్పుడు సాకు లేదు.

పాత పేజ్‌మేకర్ (డీటీపీలో పేజీలు కట్టే సాఫ్ట్‌వేర్) ఫైల్‌లో గీతలన్నీ ఎక్కడెక్కడికో పోయాయి.

అవి చేత్తో లాగిన గీతలు. అక్షరాలకూ వాటికీ సంబంధం లేదు, పైన ఒక లైను పెరిగినా మాటలు కిందికి జరుగుతాయి, గీతలు ఉన్నచోటే ఉంటాయి. దానికి మందు లేదు, మళ్లీ వేయాల్సిందే. పాత తెలుగు ఫాంట్లలో ఇంకో చిక్కుంది. వాటిల్లో తెలుగు ముక్కలు ఇంగ్లీషు కోడ్‌ల చోట్లలో కూర్చుంటాయి, కాబట్టి ఆల్ట్ పట్టుకుని 0175 కొడితే మాక్రాన్‌కు బదులు ఏదో ఒత్తు రావొచ్చు. గీత ఉన్న అక్షరానికి మాత్రం ఫాంట్ మార్చి టైమ్స్ పెట్టుకోండి.

రోమన్ ఐదు మీద గీత ఉంటే?

ఐదు వేలు. గీత వెయ్యి రెట్లు చేస్తుంది, పది మీద ఉంటే పది వేలు. కానీ గడియారాల మీద, పాత భవనాల మీద రోమన్ అంకెల పైనా కిందా గీతలు కనబడితే అది ఉత్త డిజైన్, వేలు లెక్కపెట్టొద్దు.

ఎక్సెల్‌లో మార్కుల షీటుకు ఎక్స్ బార్ హెడ్డింగ్ కావాలి.

ఎక్సెల్‌లో ఆల్ట్, ఎక్స్ పద్ధతి నమ్ముకోవద్దు. యూనిచార్ ఫంక్షన్‌లో 773 ఇచ్చి, అక్షరానికి యాంపర్‌సాండ్‌తో కలపండి, 0305 కి మామూలు లెక్కలో నంబర్ అదే. 2013 వెర్షన్ నుంచి ఈ ఫంక్షన్ ఉంది. వచ్చినదాన్ని కాపీ చేసి వాల్యూగా పేస్టు చేసుకుంటే ఫార్ములా కూడా అక్కర్లేదు, హెడ్డింగ్ అలాగే ఉంటుంది.